దయను వేడడం, దయను కీర్తించడం: తెలుగు క్రైస్తవ కీర్తనలో కృపాస్తుతి - జైనూరు నేపథ్యంలో ఒక పరిశీలన

ప్రస్తావన

దేవుని దయను వేడుకోవడం ఒకటి, దయను కీర్తించడం మరొకటి. వేడుకోలు ఇంకా జరగవలసిన దానిని గురించి మాట్లాడుతుంది; కీర్తనం జరిగిన దానిని గురించి మాట్లాడుతుంది. మొదటిదానిలో భక్తుడు ద్వారం బయట నిలబడి ఉంటాడు. రెండవదానిలో అతడు లోపలికి వచ్చి, తనను లోపలికి పిలిచినవాని గుణాన్ని నలుగురికీ చెబుతాడు. తెలుగు భక్తి సాహిత్యంలో ఈ రెండూ ఒకే పాటలో, ఒక్కొక్కప్పుడు ఒకే చరణంలో కలిసి ఉంటాయి. అందువల్ల వీటి భేదం సులభంగా మరుగున పడుతుంది.

ఈ భేదానికి ఉత్తర తెలంగాణలో, అందులోనూ జైనూరు వంటి చోట, కేవలం అలంకారశాస్త్ర సంబంధమైన విలువ మాత్రమే ఉందనుకోవడానికి వీలులేదు. 2016 పునర్విభజనకు ముందు ఆదిలాబాద్ జిల్లాలో ఉండి, ఇప్పుడు కొమురం భీం ఆసిఫాబాద్ జిల్లాలో ఉన్న ఈ మండలంలో గోండీ, కొలామీ, లంబాడీ, మరాఠీ, ఉర్దూ, తెలుగు పక్కపక్కనే వినిపిస్తాయి. ఇక్కడి సామాన్యుడు తరతరాలుగా ‘దయ’ అనే మాటను దేవుని ముందు మాత్రమే పలకలేదు. దొర ముందు, పట్వారీ ముందు, జంగ్లాతు అధికారి ముందు, షావుకారు ముందు కూడా పలికాడు. అదే మాటతో దేవుణ్ణి స్తుతించినప్పుడు ఏం జరుగుతుంది? మనిషి ముందు వంగిన నడుమును ఆ స్తుతి నిలబెడుతుందా, వంగడాన్నే భక్తిగా మారుస్తుందా? తెలుగు క్రైస్తవ కీర్తన సంప్రదాయాన్ని ఆధారంగా చేసుకొని ఈ ప్రశ్నను పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

పదాల వారసత్వం

దైవదయను చెప్పడానికి తెలుగు క్రైస్తవులకు కరుణ, దయ, కృప, కనికరం, వాత్సల్యం, జాలి అనే మాటలు ముందే సిద్ధంగా లభించాయి. వీటిలో ప్రతిదానికీ ఒక పూర్వచరిత్ర ఉంది. ‘కరుణ’ అలంకారశాస్త్రంలో ఒక రసం. దాని స్థాయిభావం శోకం. భక్తి కవిత్వంలో అదే మాట భగవంతుని గుణమైంది. అంటే చూసేవాని దుఃఖాన్ని చెప్పిన పదం, దుఃఖం తీర్చగలవాని స్వభావాన్ని చెప్పే పదంగా మారింది. ‘వాత్సల్యం’ వత్స శబ్దం నుంచి వచ్చింది. దూడ మీద ఆవుకు ఉండే ప్రేమ దాని మూలార్థం. ‘దయ’ మాత్రం తెలుగునాట రాజాస్థానాల్లోను, అర్జీల్లోను బాగా నలిగిన మాట. దయచేయడం అంటే రావడం, దయ ఉంచడం అంటే అనుగ్రహించడం. పెద్దవాడు చిన్నవాని పట్ల తన ఇష్టం కొద్దీ చూపేది దయ.

బైబిలు పాత నిబంధనలో దయను సూచించే హీబ్రూ పదాలలో రెండు ముఖ్యమైనవి. ఒకటి ‘హెసెద్’. ఇది పాత నిబంధనలో సుమారు 250 సార్లు వస్తుంది. దాదాపు సగం కీర్తనల గ్రంథంలోనే. నిబంధన చేసుకున్నవాడు ఆ నిబంధనకు కట్టుబడి చూపే ప్రేమ అని దాని భావం. రెండవది ‘రహమీమ్’. గర్భాశయాన్ని సూచించే ‘రెహెమ్’ అనే పదంతో దానికి బంధుత్వం ఉంది. తల్లి కడుపులో కదిలే ప్రేమ అని దానిని వివరించవచ్చు. ఈ రెండవ పదానికి తెలుగులో ‘వాత్సల్యం’ చక్కగా సరిపోయింది. రెండు భాషలూ పరస్పర సంబంధం లేకుండానే తల్లి, బిడ్డ అనే ఒకే మూలం నుంచి ఆ భావాన్ని తీసుకున్నాయి.

చిక్కు మొదటి పదంతో వచ్చింది. తెలుగు బైబిలు ‘హెసెద్’ను చాలాచోట్ల ‘కృప’గా అనువదించింది. కొత్త నిబంధనలోని గ్రీకు పదం ‘ఖారిస్’ను కూడా ‘కృప’ అనే అన్నది. ‘ఖారిస్’ ఉచితంగా ఇచ్చినది, అర్హత చూడకుండా ఇచ్చినది. ‘హెసెద్’లో ఇచ్చిన మాట నిలుపుకోవడం ప్రధానం. ఒకే తెలుగు మాట ఈ రెండింటినీ మోయవలసి వచ్చినప్పుడు ఉచితదానమనే అర్థం పైకి తేలింది. మాట నిలుపుకోవడమనే అర్థం అడుగున పడింది. ఫలితంగా తెలుగు పాఠకునికి దేవుని కృప రాజు ఇష్టం కొద్దీ ఇచ్చిన ఈనాములా వినిపించే అవకాశం ఏర్పడింది. హీబ్రూ కీర్తనకారుడు మాత్రం ‘నీవు మాట తప్పలేదు’ అని స్తుతించాడు. ఈనామును పొగడడానికీ, నిలబెట్టుకున్న మాటను పొగడడానికీ మధ్య ఉన్న దూరం చిన్నది కాదు. ఈనాము పొందినవాడు దాతకు ఋణపడతాడు. మాటను గుర్తుచేయగలవానికి అడిగే హక్కు ఉంటుంది. కృపాస్తుతిని గురించిన చర్చంతా ఈ దూరం మీదనే నడవవలసి ఉంది.

కీర్తన నిర్మాణం: వేడుకోలు నుంచి సాక్ష్యానికి

దయాప్రార్థనకు తెలంగాణ గడ్డ మీద మహోదాహరణ కంచెర్ల గోపన్న. నేలకొండపల్లిలో పుట్టి, పాల్వంచ తహసీల్దారుగా పనిచేసి, భద్రాచల రామాలయ నిర్మాణం కారణంగా గోల్కొండలో చెరసాల పాలైన రామదాసు కీర్తనల్లో దయ అనేది ఎదురుచూపు. దేవుడు ఇంకా పలకలేదు. భక్తుడు పిలుస్తూనే ఉన్నాడు. ఆ పిలుపు క్రమంగా నిష్ఠూరంగా మారి, చేయించిన నగల లెక్కలు అప్పగించేదాకా వెళుతుంది. ఈ నిష్ఠూరంలో గొప్ప చనువుంది. అయినా దాని కాలం భవిష్యత్తు. దయ రావలసి ఉంది.

దయను స్తుతించే మరొక పద్ధతి వేదాంత దేశికుల దయాశతకంలో కనిపిస్తుంది. 108 శ్లోకాల ఆ సంస్కృత స్తోత్రంలో ఆయన శ్రీనివాసుని దయను ఒక దేవిగా రూపుకట్టి, నేరుగా ఆమెనే సంబోధించారు. తిరుమల మీద వెలసిన దైవానికన్నా అతని దయే ముందు నిలిచింది. గుణాన్ని గుణి నుంచి వేరుచేసి కొలిచినప్పుడు స్తుతి ఎంత దూరం పోగలదో ఆ స్తోత్రం చూపుతుంది.

ఈ రెండు పద్ధతులనూ ఎరిగిన భక్తిభాషలోకి క్రీస్తు కథను తెచ్చినవారిలో పురుషోత్తమ చౌదరి (1803–1890) అగ్రగణ్యులు. పర్లాకిమిడి ప్రాంతపు వైష్ణవ బ్రాహ్మణ కుటుంబంలో పుట్టి 1833లో క్రైస్తవం స్వీకరించిన ఆయన, కీర్తనలతో పాటు శతకాలు, మతవిచార గ్రంథాలు కూడా రచించారు. ఆయన రచనలు ‘ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు’ సంపుటికి వెన్నెముక. రాగతాళ నిర్దేశంతో, పల్లవీ చరణాలతో, సంస్కృత సంబోధనలతో సాగే ఆ పాటల్లో ‘త్రాహి’ అనే పాత శరణాగతి పదమే క్రీస్తును పిలిచింది. తెలుగు కీర్తన సంపుటిలోని వేదాంతాన్ని భక్తిమార్గం వెలుగులో పరిశీలించిన ఆర్. ఆర్. సుందరరావు 1983 నాటి ఆంగ్ల గ్రంథం ఈ వారసత్వాన్ని విమర్శకుల దృష్టికి తెచ్చింది.

వారసత్వం స్పష్టమే. దానిలో వచ్చిన మార్పును కూడా గుర్తించవలసి ఉంది. క్రైస్తవ కీర్తనకారునికి దయ అనేది చరిత్రలో ఒక దినాన, ఒక కొండ మీద, ఒక మరణంలో జరిగిపోయిన సంఘటన. అందువల్ల అతడు వేడుకోలు పదజాలాన్నే వాడినా, వాక్యానికి ఆధారంగా ఉండే కాలం మారిపోతుంది. ‘చూపవా’ అనే ప్రశ్న వెనుక ‘చూపితివి’ అనే నిశ్చయం నిలుస్తుంది. చరణంలో పాపి తన దుస్థితిని చెప్పుకుంటాడు. పల్లవికి వచ్చేసరికి క్షమ పొందినవానిగా పాడతాడు. పశ్చాత్తాప కీర్తనలు సైతం విలాపంగా ముగియకుండా స్తుతిగా ముగియడానికి కారణం ఇదే.

ఇక్కడ పల్లవి పాత్ర ప్రత్యేకంగా గమనించదగినది. బైబిలులోని 136వ కీర్తనలో 26 వచనాలున్నాయి. ప్రతి వచనం ఉత్తరార్ధంలోనూ దేవుని కృప నిత్యమైనదనే ఒకే మాట మళ్లీ మళ్లీ వస్తుంది. ఒకరు మొదటి సగం పలికితే సమూహం రెండవ సగం అందుకోవడానికి అనువైన రచన అది. తెలుగు పల్లవీ, వంతపాటా ఆ పనినే చేస్తాయి. పల్లె సంఘాలలో చదువురాని విశ్వాసులకు కీర్తనే వేదపాఠం. ఉపదేశి చరణం అందిస్తే సంఘం పల్లవి అందుకుంటుంది. చరణాలు మరచిపోయినవానికీ పల్లవి గుర్తుంటుంది. దయ ఒకసారి చెప్పి ముగించేది కాదని, ప్రతి అనుభవం తరువాతా దాని దగ్గరికే తిరిగిరావాలని ఆ నిర్మాణమే నేర్పుతుంది. కీర్తన చెప్పే సిద్ధాంతం దాని మాటల్లో ఎంత ఉందో, దాని తిరుగుడులో కూడా అంతే ఉంది.

దొర భాష, దేవుని భాష

ఉత్తర తెలంగాణలో దొరల పెత్తనం సాగిన కాలంలో ‘నీ బాంచెన్, కాల్మొక్త’ అనేది పేదవాని నోట నిత్యం వినిపించిన మాట. వెట్టిచాకిరి, గడీ, నాగులు అనే మాటలతో పాటు అది కూడా ఇక్కడి సామాజిక చరిత్రలో భాగం. ఈ మాటలో ఒక దయాప్రార్థన ఉంది. అనేవాడు తన బానిసత్వాన్ని ముందుగా ఒప్పుకొని, ఆ ఒప్పుకోలుకు బదులుగా దయను ఆశిస్తాడు. క్రైస్తవ కీర్తనలో భక్తుడు తనను దాసునిగా చెప్పుకోవడం, పాదాలు పట్టుకోవడం, ప్రభువును ‘దొరా’ అని పిలవడం విన్నవారికి ఈ పోలిక తోచకమానదు. దేవుని దయను పొగడడం అలవాటైన నాలుక దొర దయను పొగడడానికి కూడా సిద్ధంగా ఉంటుందనే ఆక్షేపణ ఇక్కడ పుడుతుంది. దీనిని తేలికగా తోసిపుచ్చరాదు.

దీనికి సమాధానం కృపాస్తుతి మూలగ్రంథాల్లోనే దొరుకుతుంది. లూకా సువార్త మొదటి అధ్యాయంలో మరియ పాడిన పాట కొత్త నిబంధనలోని తొలి కృపాస్తుతి అనదగినది. అందులో దేవుని కనికరం రెండుసార్లు ప్రస్తావనకు వస్తుంది. ఆ రెండు ప్రస్తావనల నడుమ ఉన్నది ఏమిటి? బలవంతులు సింహాసనాల నుంచి దిగజారడం, దీనులు పైకెత్తబడడం, ఆకలిగొన్నవారి కడుపు నిండడం, ధనవంతులు వట్టి చేతులతో పోవడం. అంటే ఈ పాటలో కనికరం ఉన్న చోట సింహాసనం కదులుతుంది. పల్లెటూరి పిల్ల ఒకతె దేవుని దయను పొగుడుతూ అధికారుల పతనాన్ని అదే ఊపిరిలో చెప్పింది. ఇక్కడ దయ దొరతనానికి అలంకారం కాదు, దొరతనానికి తీర్పు.

రెండవ సమాధానం మత్తయి సువార్త 18వ అధ్యాయంలోని ఋణగ్రస్తుల ఉపమానం. ఒక సేవకుడు రాజుకు పదివేల తలాంతులు అచ్చియున్నాడు. రాజు కనికరించి అప్పంతా కొట్టివేశాడు. బయటికి వచ్చిన ఆ సేవకుడు తనకు నూరు దేనారాలు బాకీపడ్డ తోటివాని గొంతు పట్టుకున్నాడు. దేనారం ఒక దినపు కూలి. ఒక తలాంతు సుమారు 6,000 దేనారాలు. ఆ లెక్కన మొదటి అప్పు ఆరు కోట్ల దినాల కూలి. రెండవది నూరు దినాల కూలి. నిష్పత్తి ఆరు లక్షలకు ఒకటి. రాజు ముందు ఆ సేవకుడు సాగిలపడిన తీరు, అతని వేడుకోలు నిర్దోషమైనవే. అతడు తప్పిపోయింది ద్వారం దాటి వీధిలోకి వచ్చాక. కృపను పొందినవాడు వసూలుదారుగా మిగిలిపోతే ఆ కృప అతని దగ్గర నిలవలేదు.

షావుకారు అప్పు ద్వారా భూమి చేజారిపోయిన అనుభవం ఉన్న గోండు పల్లెలో ఈ ఉపమానాన్ని వేదాంత దృష్టాంతంగా మాత్రమే వినడం సాధ్యం కాదు. అక్కడ అప్పు ఒక పోలిక కాదు, పొలం పోయిన కారణం. ఆ శ్రోతకు ఉపమానంలోని మొదటి ఋణగ్రస్తుని కన్నా, గొంతు పట్టించుకున్న రెండవవాడే ముందు కనబడతాడు. కృపాస్తుతి సత్యమా కాదా అనే పరీక్షను ఉపమానం అతని చేతికే ఇచ్చింది.

తెలుగు కవిత్వంలో ఈ పరీక్షను తీవ్రంగా పెట్టిన కవి గుర్రం జాషువా. 1941 నాటి ‘గబ్బిలం’లో అస్పృశ్యుడు గబ్బిలం ద్వారా శివునికి పంపిన సందేశం రూపంలో విన్నపం, సారంలో అభియోగం. గుడిలోకి తనకు ప్రవేశం లేదు కాబట్టి ప్రవేశమున్న పక్షి చేత చెప్పిస్తాడు. దైవం దయామయుడైతే తన ఆకలికి కారణమేమిటని ఆ సందేశం ప్రశ్నిస్తుంది. అదే కవి తరువాత ‘క్రీస్తు చరిత్ర’ రచించి, దానికి 1964లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం పొందారు. దయను ప్రశ్నించిన కవే దయామూర్తి కథను కావ్యం చేయడంలో వైరుధ్యం లేదు. ప్రశ్నించే హక్కు ఉన్నచోటనే స్తుతికి విలువ. బెదురుతో వచ్చిన పొగడ్తను దొర మాత్రమే కోరుకుంటాడు.

కరువు, కూలి, కృప

కృపాస్తుతి మీద ఉన్న మరొక అనుమానం గింజలకు సంబంధించినది. పేదలు దేవుని దయను పాడింది ధాన్యం కోసమేనని అనేవారు అప్పుడూ ఉన్నారు, ఇప్పుడూ ఉన్నారు. 1876–78 కరువు కాలంలో ఒంగోలు ప్రాంతంలో జరిగినది ఈ సందర్భంలో గుర్తుచేసుకోదగినది. అమెరికన్ బాప్తిస్టు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హాం కాలువలో కొంత భాగం తవ్వకాన్ని గుత్తకు తీసుకొని, కరువుబాధితులకు పని కల్పించి కూలి ఇప్పించాడు. సహాయకార్యం సాగినంతకాలం బాప్తిస్మాలు ఆపివేశాడు. తిండి కోసం మతం మారారనే మాట రాకూడదన్నది ఆయన ఉద్దేశం. సహాయం ముగిసిన తరువాత 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున ఒక్క దినంలో 2,222 మంది బాప్తిస్మం పొందారు. వారిలో అత్యధికులు మాదిగలు.

ఈ ఉదంతంలో సాహిత్య విమర్శకునికి పనికివచ్చే అంశం ఒకటుంది. కాలువ తవ్వినవాడు పొందినది కూలి. అది అతని హక్కు. దానికి ఎవరినీ స్తుతించనవసరం లేదు. కూలిని దయగా పిలిస్తే కూలివాని శ్రమ అవమానం పాలవుతుంది. దయను కూలిగా పిలిస్తే దేవుడు గుత్తేదారు అవుతాడు. రెండింటినీ విడదీసి ఉంచినప్పుడే కూలికి న్యాయం, కృపకు స్తుతి దక్కుతాయి. హక్కుగా రావలసినదాన్ని దయగా ఇస్తున్నట్టు చూపడమే దొరతనపు ముఖ్యమైన మోసం. దేవుని కృపను సరిగా పాడేవాడు ఈ మోసాన్ని గుర్తుపట్టగలగాలి.

ఈ కొలబద్దతో చూస్తే కీర్తన సంప్రదాయంలో ఒక లోటు కూడా కనబడుతుంది. సంపుటిలోని పశ్చాత్తాప కీర్తనలు 51వ కీర్తన బాటలో ఒంటరి పాపి అంతరంగాన్ని విస్తారంగా చిత్రించాయి. నా పాపం, నా అయోగ్యత, నా రక్షణ అనే వరుస వాటిలో బలంగా ఉంటుంది. 136వ కీర్తన కృపను లెక్కించిన తీరు వేరు. సృష్టి, బానిసత్వం నుంచి విడుదల, ఎడారి ప్రయాణం, భూమి, దీనదశలో జ్ఞాపకం చేసుకోవడం, సమస్త ప్రాణులకు ఆహారం - ఇవన్నీ అక్కడ కృప లెక్కలోకి వస్తాయి. తెలుగు కీర్తన మొదటి మార్గాన్ని గాఢంగా పట్టుకొని రెండవదాన్ని పలుచగా పట్టుకుంది. తమ మీద జరిగిన పాపం గురించి చెప్పుకోవలసిన సమూహాలకు, తాము చేసిన పాపం గురించి మాత్రమే పాడే భాష ఎక్కువగా అందింది. సంస్కృతపదభూయిష్ఠమైన రచనను అగ్రవర్ణ కవి కూర్చగా, దానిని పాడిన సంఘాలలో అధికులు మాల మాదిగ కులాలవారు కావడం ఈ లోటుకు ఒక కారణం కావచ్చు. అదే సమయంలో, గుడి గడప దాటనివ్వని సంస్కృత పదాలను ఆ సంఘాలు తమ గొంతుతో, తమ రాగంతో, తమ దేవుని ముందు పాడుకోవడం కూడా ఒక విడుదలే. విమర్శ ఈ రెండింటినీ గుర్తించాలి.

జైనూరు నుంచి చూసినప్పుడు

జైనూరు మండలంలోని మార్లవాయి గోండు గ్రామం మానవశాస్త్ర చరిత్రలో ప్రసిద్ధం. 1940లో జోడేఘాట్‌లో కొమురం భీం మరణించిన తరువాత, గోండుల అసంతృప్తికి కారణాలు తెలుసుకొనే పనిని నిజాం ప్రభుత్వం క్రిస్టొఫ్ ఫాన్ ఫ్యూరర్ హైమన్‌డార్ఫ్‌కు అప్పగించింది. ఆయన భార్య బెట్టీతో కలిసి మార్లవాయిలో నివసించారు. 1943లో అక్కడే గోండు ఉపాధ్యాయుల శిక్షణ కేంద్రం మొదలైంది. గుస్సాడీ నృత్యానికి 2021లో పద్మశ్రీ పొందిన కనకరాజు కూడా మార్లవాయి వారే. భీం పోరాటం కోరినది దయ కాదు. నీటి మీద, అడవి మీద, భూమి మీద హక్కు. ఏజెన్సీ భూములు గిరిజనేతరుల చేతికి పోకుండా ఆపే 1970 నాటి ఒకటవ నంబరు రెగ్యులేషను కూడా హక్కు భాషలోనే మాట్లాడుతుంది. ఇటువంటి నేలలో కృపాస్తుతి హక్కు భాషకు అడ్డుగా నిలిస్తే అది ఎవరికీ మేలు చేయదు.

స్తుతికి ఇక్కడ సొంత సంప్రదాయం కూడా ఉంది. ప్రధానులు గోండుల వంశపరంపర గాయకులు. కిక్రి వాయిస్తూ పేన్‌ల కథలను, గోత్రాల పుట్టుకను పాడడం వారి వృత్తిధర్మం. ఆ స్తుతి గాయకునికీ అతని పోషక కుటుంబాలకూ మధ్య ఉన్న తరతరాల బంధం నుంచి పుడుతుంది. పాడడం గాయకుని విధి, అతనికి ఇవ్వడం గోండు విధి. ఇందులో ఒక రకమైన ‘హెసెద్’ ఉంది. ఇరువైపులా కట్టుబడిన మాట ఉంది. క్రైస్తవ కీర్తన దీనికి భిన్నంగా, పాడే పనిని వృత్తిగాయకునికి విడిచిపెట్టక సంఘమంతటికీ పంచింది. ప్రధాను పాటలో సమూహం తన మూలాన్ని వింటుంది. కీర్తనలో సమూహం తానే పాడుతుంది. ఆదిలాబాద్ సీమలో కృపాస్తుతి వేరూనాలంటే మొదటిదాని జ్ఞాపకశక్తిని రెండవది నేర్చుకోవలసి ఉంటుంది. వ్యక్తి రక్షణతో పాటు ఒక జనం నడిచివచ్చిన దారి కూడా చరణాల్లోకి రావలసి ఉంటుంది.

భాష విషయం కూడా ఇక్కడ ముందుకు వస్తుంది. గోండీ, తెలుగు రెండూ దక్షిణ మధ్య ద్రావిడ శాఖకు చెందినవే. దగ్గరి చుట్టరికం ఉన్నా, కరుణ, కృప, వాత్సల్యం అనే మాటలు ఆ చుట్టరికంలోనివి కావు. సంస్కృతం నుంచి తెలుగు తెచ్చుకున్నవి. గోండీ మాతృభాషగా గలవానికి తెలుగు కీర్తన రెండవ భాషలోని స్తుతి. అందులోని కృప మూడవ భాష మాట. పక్కనున్న నార్నూరు మండలంలోని గుంజాల గ్రామంలో వెలుగుచూసిన గోండీ లిపి 2018లో యూనికోడ్‌లో చేరింది. రాయడానికి లిపి ఉన్న భాషకు దయను తన సొంత మాటతో చెప్పుకొనే అవకాశం కూడా ఉంది. మరియ పాట కానీ, 136వ కీర్తన కానీ తన యాసలో తాను పాడుకున్నప్పుడే సింహాసనం, ఆకలి, భూమి అనే మాటలకు బరువు తెలుస్తుంది.

అయితే 136వ కీర్తనలో గోండు శ్రోతను ఆపే చోటు కూడా ఒకటుంది. అక్కడ దేవుని కృప ఇశ్రాయేలుకు భూమినిచ్చింది. ఆ భూమి సీహోను, ఓగు అనే రాజుల నుంచి తీసుకున్నది. అమెరికా ఆదివాసి ఓసేజ్ జాతికి చెందిన పండితుడు రాబర్ట్ అలెన్ వారియర్ 1989లో రాసిన వ్యాసంలో ఈ కథను కనానీయుల వైపు నుంచి చదివాడు. విడుదల కథను తమదిగా చేసుకోబోయే మూలవాసులు ఆ కథలో భూమి పోగొట్టుకున్నవారి స్థానంలో తమనే చూసుకుంటారని ఆయన వాదం. జైనూరులో ఈ వాదానికి వివరణ అక్కరలేదు. ఒకరికి కృపగా వచ్చిన భూమి మరొకరి చేజారిన భూమి అయితే స్తుతి ఎలా పాడాలి? ఈ ప్రశ్నకు కీర్తన సంప్రదాయం ఇంతవరకు చెప్పిన జవాబు సరిపోదు. అదే కీర్తన చివరికి వచ్చేసరికి కృప ఒక జనం సరిహద్దును దాటి సమస్త ప్రాణుల ఆహారం దాకా వ్యాపిస్తుందనే విషయం మాత్రం ఒక దారి చూపుతుంది. కృపను భూమి దగ్గర ఆపివేసిన స్తుతి అసంపూర్ణం. అన్నం దాకా, అందరి అన్నం దాకా పాడినప్పుడే ఆ కీర్తన పూర్తవుతుంది.

ముగింపు

దేవుని దయను కీర్తించడం దయను అడుక్కోవడానికి మరొక పేరు కాదని పై పరిశీలన వల్ల తేలుతుంది. తెలుగు క్రైస్తవ కీర్తన భక్తి సాహిత్యపు వేడుకోలు భాషను స్వీకరించి, జరిగిపోయిన దయకు సాక్ష్యంగా దాని కాలాన్ని మార్చింది. పల్లవి ద్వారా ఆ సాక్ష్యాన్ని చదువురానివారికి కూడా సొంతం చేసింది. ఇది ఆ సంప్రదాయం సాధించిన విలువైన ఫలితం. ‘కృప’ అనే ఒకే మాటలో నిబంధనా విధేయత మరుగుపడడం, పాపి ఒంటరి గొంతు సమూహపు జ్ఞాపకాన్ని కమ్మివేయడం దాని పరిమితులు.

ఈ పరిమితులను దాటడానికి కొత్త సిద్ధాంతమేదీ అవసరం లేదు. మరియ పాట, 136వ కీర్తన, ఋణగ్రస్తుల ఉపమానం మూడూ సంఘం చేతిలో ఎప్పటినుంచో ఉన్నవే. దయను దేవునికి మాత్రమే చెందిన స్తుతిగా నిలిపితే, మనుషుల ముందు మిగిలేది హక్కు, న్యాయం, చెల్లించవలసిన కూలి. ‘నీ బాంచెన్’ అనే మాట మనిషికి చెప్పనవసరం లేని రోజునే ‘నీ దాసుణ్ణి’ అని దేవునితో చెప్పడంలో స్వేచ్ఛ ఉంటుంది. ఇకమీదట కృపాకీర్తనలను పరిశీలించేవారు రాగతాళాలను, సంస్కృత సంబోధనలను లెక్కించడంతో ఆగకుండా, పాడినవాడు ద్వారం దాటి వీధిలోకి వచ్చాక నూరు దేనారాల బాకీదారు ఎదురైతే ఏం చేయాలని ఆ పాట నేర్పుతున్నదో కూడా చూడవలసి ఉంది.